చిట్టి జుట్టు తిన్నదెవరు

బూజమ్మ అని పేరు పెట్టింది మొగుడే. పెళ్ళైన కొత్తలో ముద్దుకి పెట్టాడు. తర్వాత ల్యాబులో వాళ్ళు అందుకున్నారు, ఆ తర్వాత అత్తగారు, ఇప్పుడు కూతురు చిట్టి కూడా కోపం వస్తే అదే అంటోంది. ఆవిడకేం బాధ లేదు. చేసేది బూజుల మీద ఉద్యోగమే కదా. రొట్టె మీద పచ్చగా మచ్చ కనపడితే ఎవరైనా చీదరించుకుని అవతల పారేస్తారు. ఆవిడ మాత్రం కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి, దాని పుట్టుపూర్వోత్తరాలు కనుక్కుని మరీ పారేస్తుంది. అలాంటి మనిషికి కన్నకూతురి తలలోనే బూజు పుడితే ఎలా ఉంటుంది? ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక అందరి మీదా మండింది.

మొదట చూసింది అత్తగారు. చిట్టికి రోజూ జడ వేసేది ఆవిడే. చెవి పైన ఒకచోట జుట్టు పోయి, నున్నగా కూడా కాకుండా, పొట్టు రాలుతూ, నల్లటి చుక్కలు చుక్కలుగా కనపడింది. కొడుకుని పిలిచి చూపించింది. ఆయన “పేనుకొరుకుడు” అని తేల్చేసి, సందు చివర మందుల షాపుకి వెళ్ళి ఏదో ఆయింటుమెంటు తెచ్చి దట్టంగా పట్టించాడు. సాయంత్రం బూజమ్మ ఇంటికొచ్చి దీపం కింద చూసింది.

“ఇది పేనుకొరుకుడు కాదు, తామర. జుట్టు మొదట్లోనే విరిగిపోతోంది, కనపట్టం లేదా? నన్నడక్కుండా మందెందుకు రాశావు?”

“నువ్వింటికొచ్చేదెప్పుడు, నిన్నడిగేదెప్పుడు?”

“ఆ మందుండగా నేను పొట్టు గీకి పెంచితే ఏం మొలుస్తుంది? నా మొహం మొలుస్తుంది.”

నిజంగానే ఏమీ మొలవలేదు. ఏ రకం బూజో తెలియాలంటే తల మీది పొట్టూ విరిగిన వెంట్రుక ముక్కలూ తీసి గాజుపళ్ళెంలో మేతవేసి పెంచాలి. మందు వాసన తగిలితే అది మొండికేస్తుంది. మందు పూర్తిగా పోయేదాకా ఆగి, మళ్ళీ గీకి, మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. పైగా ఈ తామర బూజులంత బద్ధకిష్టులు లోకంలో లేరు. మామూలు బూజు రాత్రికి రాత్రి కంబళి పరిచేస్తే, ఇవి వారాలకి వారాలు నిద్రపోయి తాపీగా లేస్తాయి.

చర్మం డాక్టరు మాత్రలు రాసిచ్చింది. “తలలోదానికి పైపూతలు సరిపోవమ్మా, నెలల తరబడి మింగించాలి. ఇంకో మాట, ఎక్కణ్ణించి అంటుకుందో కూడా చూసుకోండి. మూలం అలాగే ఉంటే మనం ఇటు తుడుస్తుంటే అది అటు పూస్తూ ఉంటుంది,” అంది. బూజమ్మకి ఆ చివరి మాట బుర్రలో మేకులా దిగబడింది.

బళ్ళో చిట్టి పక్కన కూర్చోవడానికి పిల్లలు ఒప్పుకోవడం లేదు. తలకి గుడ్డ కట్టుకుని ఒంటరి బల్ల మీద కూర్చుంటోంది. “నా జుట్టు మొత్తం పోతుందా అమ్మా?” అని ఒకసారి అడిగింది. పోదని బూజమ్మ గట్టిగానే చెప్పింది. కానీ ఎక్కణ్ణించి వచ్చిందో తెలియకుండా ఆ మాట చెప్పడం ఆవిడకే నచ్చలేదు.

అప్పుడు ఆవిడ కన్ను మేడ మీదకి మళ్ళింది.

మేడ మీద అత్తగారి తోట ఉంది. తోటంటే పగిలిన తొట్లు, రంగుడబ్బాలు, హ్యాండిల్ ఊడిన బకెట్లు. కొడుకు దగ్గరికి వచ్చేశాక ఊరికే కూర్చోలేక ఒక డబ్బాలో మిరపనారు పోసిందట. అదే ఇప్పుడు టమాటాలూ చిక్కుడు తీగా గులాబీలూ అయి, నీళ్ళ ట్యాంకు చుట్టూ అల్లుకుపోయింది. చిట్టి బడి నుంచి రాగానే సంచీ విసిరేసి పైకే పరిగెత్తేది. నానమ్మా మనవరాలూ మోచేతుల దాకా మట్టి పూసుకుని కూర్చుంటే కిందికి పిలవడానికి ఎవరికీ నోరు రాదు. ఆ రోజు బూజమ్మ పైకి వెళ్ళేసరికి అత్తగారు ఒక ఖాళీ తొట్టె అడుగున నల్లగా ఏదో పరుస్తోంది. దగ్గరికెళ్ళి చూస్తే జుట్టు. పెద్ద సంచీ నిండా మనుషుల జుట్టు.

“ఏమిటండీ ఇది?”

“కింద కటింగ్ షాపులో ఊడ్చింది. అతను సంచీలో పోసి ఉంచుతాడు పాపం, నేను తెచ్చుకుంటాను. జుట్టు కంటే మంచి ఎరువు లేదు.”

“ఎంతమంది తలలో ఏమేముంటాయో మీకు తెలుసా అత్తయ్యా?”

“నాకు తెలీదమ్మా. టమాటాలు మాత్రం బాగా కాస్తున్నాయి.”

బూజమ్మ చూపు పక్కకి పోయింది. అక్కడ చిట్టి ఆ సంచీలో చెయ్యి పెట్టి, అదే చేత్తో తల గోక్కుంటోంది.

ఇక్కడ కొంచెం ఆగి ఒక సంగతి చెప్పాలి. వెంట్రుక, గోరు, ఈక, డెక్క, వీటిని అరిగించుకోవడం దాదాపు ఏ జీవికీ చేతకాదు. మట్టిలో బతికే కొన్ని బూజులకి మాత్రం ఆ విద్య వచ్చు. అవే లేకపోతే ఇన్ని యుగాలుగా రాలిన జుట్టంతా పేరుకుని మనం నడుంలోతు వెంట్రుకల్లో నడుస్తూ ఉండేవాళ్ళం. వాటిలో చాలావరకు సాధువులు, రాలింది తిని ఊరుకుంటాయి. కొన్ని మాత్రం బతికున్న చర్మం రుచి మరిగాయి. ఇంకొన్ని మట్టి మొహమే మరిచిపోయి, మనిషి తల మీంచి మనిషి తల మీదకి కాపురాలు మారుస్తూ బతుకుతాయి. ఇదంతా బూజమ్మ కొత్తగా చేరినవాళ్ళకి ఏటేటా చెప్పే పాఠమే. చెప్పే పాఠం వేరు, కూతురి తల వేరు.

మర్నాడే తొట్లలోంచి తలా కాస్త మట్టి తీసి ల్యాబుకి పట్టుకెళ్ళింది. మట్టిలో జుట్టు తినేవాళ్ళని పట్టడం చేపల్ని పట్టినట్టే, ఎర వెయ్యాలి. తడిమట్టి పళ్ళెంలో పరిచి, దానిమీద ఆవిరిలో ఉడికించి శుభ్రం చేసిన వెంట్రుక ముక్కలు జల్లి మూతపెడతారు. చిన్నపిల్లల జుట్టయితే బూజులు ఇష్టంగా తింటాయి. అందుకని ఆ ల్యాబులో ఒక అలవాటుంది. ఎవరి పిల్లలకి కటింగ్ చేయించినా ఆ జుట్టు కవర్లో పెట్టి తెస్తారు, ఒక గాజుసీసాలో పోస్తారు. ఆ వేళ సీసాలో మిగిలిన జుట్టు చిట్టిది. వేసవిలో పొట్టిగా కత్తిరించినప్పటిది, అప్పటికి తల నవనవలాడుతూ ఉండేది. బూజమ్మ క్షణం తటపటాయించి, అదే జల్లింది.

రోజులు గడిచాయి. చిట్టి తలపొట్టు పెట్టిన పళ్ళెంలో చలనం లేదు. మట్టి పళ్ళెంలో మాత్రం ఒక ఉదయం తెల్లటి నూగు లేచింది. బూజమ్మ ఒక వెంట్రుక ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది.

వెంట్రుకకి తూట్లు పడ్డాయి. వడ్రంగి బర్మా పెట్టి తొలిచినట్టు, ఈ పక్కనుంచి ఆ పక్కకి. ఆవిడ వృత్తిలో అలాంటి తూట్లు ఎన్నో చూసింది, చూసి సంతోషించింది కూడా. కానీ ఇది చిట్టి జుట్టు. అత్తగారి మట్టి తన కూతురి జుట్టుని తొలుచుకు తింటోంది, తను కళ్ళారా చూస్తోంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అనుకుంది. నిజానికి కావాలి. ఆ తిన్నది ఏ రకమో తేలాలి, తలలోదీ ఇదీ ఒకటేనా అని చూడాలి. ఇంకొకరి పిల్ల అయితే ఆవిడే ఆ మాట చెప్పేది.

ల్యాబు పెద్దాయన భుజం మీంచి చూసి అదే చెప్పాడు. “పాప తలలోది ఇంకా లేవలేదుగా? లేచేదాకా ఆగమ్మా. మట్టిలో జుట్టు తినేవి ఉండటం వింతేముంది, ఏ మట్టిలో లేవు?”

“మీ కూతురైతే ఆగేవారా సార్?”

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారమే తోట పోయింది. సంచులు పట్టుకుని ఇద్దరు కూలీలు వచ్చారు. చిక్కుడు తీగ ట్యాంకుని వదలనని మొరాయిస్తే కత్తితో కోశారు. మట్టి సంచులు మెట్ల మీంచి దిగిపోయి, లారీ ఎక్కి, ఎక్కడో గుంత పూడ్చడానికి వెళ్ళిపోయాయి. డబ్బాలూ బకెట్లూ కూడా ఉంచలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఏమిటో ఆ వీధి వీధంతా తలుపుల్లో నిలబడి చూసింది. మేడంతా బ్లీచింగ్ పౌడరు చల్లి కడిగించింది బూజమ్మ. చిట్టి తల దువ్వడానికి అత్తగారు విడిగా దాచిన పచ్చ దువ్వెన ఒకటుండేది, ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. అది ఆ మట్టిచేతుల దువ్వెనే కదా అని దాన్ని కూడా చెత్తలో పడేసింది.

మొగుడు ఏదో అనబోయాడు. “మీ అమ్మ తోట ముఖ్యమా, నీ కూతురి తల ముఖ్యమా?” అంది. ఆ ప్రశ్నకి ఏ కొడుకు జవాబు చెప్పగలడు? చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని బయటికి పోయాడు.

అత్తగారు మాత్రం ఏడవలేదు, అరవలేదు. మెట్ల దగ్గర నిలబడి, దిగిపోతున్న ఒక్కో సంచీనీ చూస్తూ ఉండిపోయింది. అంతా అయ్యాక బూజమ్మ ఆవిడ దగ్గరికొచ్చింది.

“ఏమీ అనుకోకండి అత్తయ్యా. ఇంకో మాట. కొన్నాళ్ళు చిట్టిని ముట్టుకోకండి. మీ గోళ్ళలో కూడా ఆ మట్టి ఉంటుంది.”

“జడ?”

“నేను వేస్తాను.”

ఆవిడ తన చేతుల్ని ఒకసారి తిప్పి చూసుకుంది. “సరే,” అంది.

అప్పణ్ణించి పొద్దున్న పూట ఇల్లు రణరంగమైంది. బూజమ్మకి ఆఫీసు తొందర. హ్యాండ్‌బ్యాగులోంచి తన దువ్వెన తీసి, తన తల రెండు దువ్వులు దువ్వుకుని, అదే చేత్తో చిట్టి తల పట్టుకునేది. అంతకు ముందు సెలవురోజుల్లో సరదాకి దువ్వేది, ఇప్పుడు రోజూ. “అబ్బా! నానమ్మ ఇలా లాగదు,” అని చిట్టి ఏడ్చేది. “నానమ్మకి వేరే పనేముంది?” అని బూజమ్మ కసిరేది. అత్తగారు ఎదురుగా కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చునేది.

తోట పోయింది, మాత్రలు పడుతున్నాయి, తగ్గాలి కదా. పాత మచ్చ మీద కాస్త నూగు వచ్చింది. అమ్మయ్య అనుకునేలోపు మెడ పైన కొత్త మచ్చ. ఆ వెనకే పాపిట పక్కన ఇంకోటి. బూజమ్మకి తలప్రాణం తోకకొచ్చింది. డాక్టరుని అడిగితే మూలం చూసుకోమని మళ్ళీ అదే పాట. మూలాన్ని లారీ ఎక్కించి పంపించేస్తే ఇంకా మూలం ఎక్కడిది? ఆవిడకి ఒక్కటే తోచింది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

“అత్తయ్యా, నిజం చెప్పండి. నేను లేనప్పుడు దాన్ని ముట్టుకుంటున్నారా?”

చిట్టే అందుకుంది. “లేదు! నేను ఒళ్ళో కూర్చుంటానన్నా నానమ్మ లేచి వెళ్ళిపోతోంది. రోజూ వెళ్ళిపోతోంది.” అని భోరున ఏడ్చింది.

ఆ రాగం వింటూ నిలబడలేక బూజమ్మ వంటింట్లోకి పోయి, అవసరం లేని గిన్నెలన్నీ తోమింది.

ఆ వారంలోనే నిద్రపోతున్న పళ్ళెం లేచింది. చిట్టి తలలోంచి తీసిన పొట్టు మీద, మడత పెట్టిన వెల్వెట్ గుడ్డలా, పసుపు తిరిగిన తెల్లటి బూజు. బూజమ్మ చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. చూసింది. పక్కన మట్టి పళ్ళెంలోది పెట్టి చూసింది. మళ్ళీ ఇది, మళ్ళీ అది. రెండిటికీ ఏ చుట్టరికమూ లేదు. మట్టిలోది సాధువు, రాలిన జుట్టు తిని ఎవరి జోలికీ పోనిది. తలలోది మనుషుల మీద తప్ప బతకనిది. దానికి మట్టంటే ఏమిటో కూడా తెలియదు. ఏ తోటలోనూ అది ఉండదు, ఏ టమాటా కిందా దొరకదు.

స్టూలు మీద అలాగే కూర్చుండిపోయింది. లారీలో పోయిన సంచులు గుర్తొచ్చాయి. ఆ తోటని వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు. తన మీద తనకి అసహ్యం వేసింది.

పెద్దాయన వచ్చి చూశాడు. ‘చెప్పానా’ అనే మాట ఆయన నాలుక మీద దాకా వచ్చి, మర్యాదకి వెనక్కి పోయింది. “ఇంట్లో ఎవరి తలలోనో ఉందమ్మా. పెద్దవాళ్ళకి మచ్చలూ అవీ రావు చాలాసార్లు. చుండ్రులా ఉంటుందంతే. అందరి తలలూ చూడు,” అన్నాడు.

చూడటమంటే మెత్తటి బ్రష్షుతో తలంతా దువ్వి, ఆ బ్రష్షుని మేతపళ్ళెం మీద అద్దడమే. ముందు ఎవరి తల పట్టుకుంది? అత్తగారిదే. ఇంత జరిగాక కూడా. ఆవిడ తల వంచి ఇచ్చింది. తర్వాత మొగుడిది. “ఉన్న నాలుగూ నువ్వు దువ్వుకుపోతే నా గతేం కానూ?” అన్నాడాయన. ఎవరూ నవ్వలేదు. చివర్న, శాస్త్రానికి లోటెందుకని, తనదీ దువ్వుకుంది.

పళ్ళేల మీద పేర్లు రాసి వెచ్చటి పెట్టెలో పెట్టింది. రోజూ వెళ్ళగానే ముందు తీసి చూసేది అత్తగారి పళ్ళెమే. అందులో ఏమీ లేదు. రోజూ ఏమీ లేదు. ఏమీ లేనందుకు ఆవిడకి సంతోషం కలగకపోగా చిరాకే వచ్చింది, ఆ చిరాకు చూసుకుని సిగ్గూ వచ్చింది. మొగుడి పళ్ళెం అద్దంలా ఉంది. చివరికి ఒక రోజు తన పళ్ళెం మూత తీసింది. అంచు నుంచి అంచు దాకా వెల్వెట్ గుడ్డ. పసుపు తిరిగిన తెలుపు.

ఎన్నాళ్ళ నుంచి తలలో ఆ పొట్టు? చుండ్రు అనుకుంది, ట్యాంకు నీళ్ళని తిట్టింది, షాంపూలు మార్చింది. లోకంలోని బూజులన్నిటికీ వంశవృక్షాలు చెప్పగలిగిన మనిషి తన పాపిట తను చూసుకోలేదు. ఎక్కడ అంటుకుందో ఇంక తేలేది కాదు. బస్సు సీటు కావచ్చు, పార్లర్లో కుర్చీ కావచ్చు. అంటించింది ఎలాగో మాత్రం తేలిపోయింది. హ్యాండ్‌బ్యాగు తెరిచింది. నల్ల దువ్వెన, పళ్ళ మధ్య తన వెంట్రుకా చిట్టి వెంట్రుకా చిక్కుపడి ఉన్నాయి. అత్తగారి పచ్చ దువ్వెన ఉన్నన్నాళ్ళూ ఒక్క మచ్చే. దాన్ని పారేసి ఈ దువ్వెన పట్టుకున్నాకే మిగతావన్నీ.

సెలవు పెట్టి మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. అత్తగారు కింద లేదు. మేడ మీద ట్యాంకు నీడలో పాత కుర్చీ వేసుకుని కూర్చుంది. నేల మీద తొట్లు ఉన్నచోటల్లా గుండ్రటి మరకలు మిగిలాయి. ఎంత కడిగించినా అవి పోలేదు.

మెట్లెక్కుతున్నంతసేపూ మాటలు పేర్చుకుంది. తీరా నిలబడ్డాక ఒక్కటీ మిగల్లేదు.

“మట్టి కాదండీ అత్తయ్యా. మీరూ కాదు. నేనే.”

“ఏం నువ్వే?”

“చిట్టికి అంటించింది. నా తలలో ఉంది.”

అత్తగారు కాసేపు కోడలి పాపిట వంకే చూసింది. “చుండ్రన్నావు?”

“అనుకున్నాను.”

“చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికిందట నీలాంటిదే ఎవతో.”

“తప్పయిపోయిందండీ. మట్టి తెప్పిస్తాను. తొట్లు కూడా, కొత్తవి, మంచివి...”

“తెప్పిస్తావు.” ఆవిడ గొంతు మొదటిసారి లేచింది. “లారీలో వచ్చేది మట్టేనా? అరటితొక్కలూ టీపొడీ జుట్టూ వేసి, చేత్తో కలిపి కలిపి దాన్ని మట్టి చేసింది నేను. పోయేటప్పుడు ఒక్క మాట అడిగావా నన్ను? ముట్టుకోవద్దన్నావు. నీ ఇల్లు, నీ పిల్ల, నీ చదువు. నేనేమంటాను?”

బూజమ్మ ఎండలో అలాగే నిలబడింది. ఆవిడ ఇంకా నాలుగు తిడితే బాగుండుననుకుంది. తిట్టలేదు. ఆయాసం తీరాక చీరచెంగుతో మొహం తుడుచుకుని, చాలా మామూలుగా అడిగింది.

“అయితే ఇప్పుడు దాన్ని ముట్టుకోవచ్చా?”

“మీరు ముట్టుకోవచ్చండీ. నేనే ముట్టుకోకూడదు, తగ్గేదాకా.”

కింద తలుపు చప్పుడైంది. బడి సంచీ విసిరేసిన చప్పుడు, ఆ వెనకే మెట్ల మీద పరుగు. ఈ వేళప్పుడు అమ్మ ఇంట్లో ఉండటం ఏనాడూ ఎరగదు చిట్టి. చూడగానే మొహం విప్పారిపోయి, తలగుడ్డ జారిపోతున్నా పట్టించుకోకుండా, చేతులు చాపుకుంటూ వచ్చేసింది. బూజమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని వెనక్కి జరిగింది. జరిగి జరిగి పిట్టగోడకి ఆనుకుంది.

చిట్టి మధ్యలో ఆగిపోయింది.

“నువ్వు కూడానా అమ్మా?”

అత్తగారే కుర్చీలోంచి ముందుకి వంగి పిల్ల చెయ్యి పట్టి లాగింది. చిట్టి నమ్మలేనట్టు ఒకసారి నానమ్మ మొహంలోకి, ఒకసారి ఆ చేతిలోకి చూసి, ఒళ్ళో కూలబడిపోయింది. ఆవిడ తలగుడ్డ విప్పి పక్కన పెట్టింది. కొత్త మచ్చల్ని ఒక్కొక్కటే వేలితో తడిమి చూసింది.

“దువ్వెన లేదు కదమ్మా,” అంది, ఎవరితోనో అన్నట్టు. “ఇవాళ్టికి వేళ్ళతోనే అల్లుతాను.”

చెమ్మగిల్లిన కళ్ళు తుడుచుకోవాలన్నా చేతులు తన తలకి తగులుతాయేమోనని భయం వేసి, బూజమ్మ ఆ చేతులు అలాగే వెనక్కి కట్టుకుని, జడ పూర్తయ్యేదాకా పిట్టగోడ దగ్గరే నిలబడింది.